మూడు ఫోటోల్లో పడిన నీడ

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఆ మాట ముందే చెప్పి పెడతాండా. మా చర్చి గుడి ఎనక సమాధుల దొడ్డి ఉండాది. ఏటా కూలికి పోయి ఆడ కంప కొట్టి, గడ్డి పీకినదాన్ని నేను. మద్దేన్నం ఎండ ఎక్కువైతే మా మామ సమాధి పక్కనే కూచోని సంగటి తిన్యా. ఒక్కనాడు కూడా ఎవరూ లేచి వచ్చి నన్ను పలకరించలేదు.

నాకు సదువు రాదు. సంతకం పెడతా, గోడ గడియారం చూసి టైం చెప్తా, అంతే. నేను చెప్తాంటే నా కూతురు సునీత రాస్తాంది. దానికి ఈ సంగతి బయటికి చెప్పడం ఇష్టం లేదు. "జనం నవ్వుతారు మా" అంటాది. నవ్వితే నవ్వనీ. జరిగింది జరిగినట్ల చెప్తా. ఒక్క మాట కూడా అతికించను.

మాది మైదుకూరు దగ్గర పల్లె. మా ఆయన పేరు ఏసోబు. మైదుకూరులో మస్తాన్ అనే ఆయనతో కలిసి ఫోటో స్టూడియో నడిపినాడు. మస్తాన్ వయసులో చిన్న, పనంతా మా ఆయన దగ్గరే నేర్చుకున్యాడు. ఇప్పుడు ఇద్దరు ఆడబిడ్డల తండ్రి. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. పెండ్లిండ్లకి, పుట్టెంటికలకి పోయి ఫోటోలు తీసేది మా ఆయన. వాటిని కంప్యూటర్లో దిద్దేది మస్తాన్.

ముప్పై ఏండ్లు మా ఆయన ఊరందరి మొగాలూ తీసినాడు గానీ ఆయప్ప మొగం ఒక్క ఫోటోలో లేదు. ఎవరన్నా ఆయప్ప దిక్కు కెమెరా తిప్పితే చెయ్యి అడ్డం పెడతాండె. మా పెండ్లి ఫోటోలు మిద్దె కారి తడిసి, ఒకదానికొకటి అంటుకొని పాడైపోయినాయి. ఇంగ మిగిలింది ఆధార్ కార్డులో ఉండేదొక్కటే. దాంట్లో మా ఆయన పోలీసోళ్ళు పట్టుకొచ్చిన మనిషి మాదిరి ఉండాడు.

ఇంకొక పట్టింపు ఉండె ఆయప్పకి. ఫోటో తీసేటోడి నీడ ఫోటోలో పడకూడదు. పడితే వానికి పని రాదని లెక్క. మస్తానుకి నేర్పిన మొదటి పాఠం అదే. పొద్దు ఈపు ఎనక ఉంటే ఆయప్ప మోకాళ్ళు మడిచి గొంతుకు కూచుంటాండె, ల్యాకుంటే ఏదన్నా బండ పక్కకి ఒదుగుతాండె. తప్పి నీడ పడిందా, మస్తాన్ దాన్ని తుడిచేదాకా ఆ ఫోటో ఎవరికీ ఇయ్యనిచ్చేటోడు కాదు.

ఆయప్పకి ఇమానాల పిచ్చి. చలికాలంలో మా ఊరి పడమటి గుట్ట మీంద మిలిట్రీ జెట్టు ఇమానాలు పోతాంటాయి. కర్నూలు దిక్కు నుంచి వచ్చి కడప దిక్కుకు పోతాయి. ముందు ఇమానం కనపడతాది, రొంత సేపటికి సప్పుడు వస్తాది. "అవి యుద్ధం చేసేవి కాదు మే, నేర్చుకునేటోళ్ళవి" అని చెప్తాండె నాకు. రెండు సీట్లు ఉంటాయంట, ఒకదాని ఎనక ఒకటి. ముందు నేర్చుకునేటోడు, ఎనక నేర్పేటోడు. ముందు కూచున్నోడికి ఎనకున్నోడు కనపడడంట. మాట మాత్రం చెవిలో ఇనపడతాదంట.

"మాట్లాడకుండా గమ్మునుంటే, ఎనక మనిషి ఉండాడో లేడో వానికెట్ల తెలుస్తాది?" అని అడిగినా.

"తెలుస్తాదిలే" అని నవ్వినాడు.

ఒకనాడు చాటంత ఫోటో తెచ్చి నా ముందర పెట్టినాడు. కింద మా గుట్ట, పైన ఆకాశం, ఆకాశం నిండా ఇమానాలు. ఏలు పెట్టి లెక్కేస్తే తొమ్మిది.

"యాడన్నా యుద్ధమొచ్చిందా ఏమయ్యా, ఇన్ని పోతాండాయి?"

"ఒకటే మే. ఒకటే తొమ్మిది చోట్ల ఉండాది."

అది ఎట్ల చేస్తారో ఓపిగ్గా చెప్పినాడు. మూడుకాళ్ళ స్టాండు కదలకుండా పెట్టాల. పైన కెమెరా మాత్రం ఇమానం ఎంబడి తిప్పుకుంటా పోవాల. తిప్పుతా తిప్పుతా టకటకా తొమ్మిది తీయాల. తర్వాత మస్తాన్ కంప్యూటర్లో ఆ తొమ్మిదీ అంచుకు అంచు కలిపి ఒకే ఆకాశం చేస్తాడు. నేను బొంతలు కుడతా. పాత చీర ముక్కలు కలిపి బొంత కుట్టినట్లే కదా అన్యా. ఆ మాటకి శానా సంతోషపడినాడు. స్టూడియోకి వచ్చినోళ్ళందరికీ చెప్పుకున్యాడు, మా ఇంటిది నాకంటే బాగా చెప్పింది అని.

ఇంకో సంగతి కూడా ఈడనే చెప్పాల. ఆయప్ప పెండ్లి పనికి పోయిన నాడు ఇమానం వస్తే, అది ఎన్ని గంటలకు వచ్చిందో నేను చూసి పెట్టాల. ఇంటికి వస్తానే చెప్పులు ఇడవకముందే అడుగుతాండె, "వచ్చిందా? ఎన్నింటికి?" అని. అందుకే సప్పుడు ఇనపడితే చాలు, నా కండ్లు గడియారం దిక్కే పోతాయి. ఇప్పటికీ అంతే.

ఈ సంగతి జరిగింది జనవరిలో, మా ఊర్లో పసుపు తవ్వే కాలం. ఆయప్ప మబ్బున్నే, పొద్దు పొడవకముందే లేచి సంచి సర్దుకుంటాండె. నాకు కడుపు మండింది. ఇంటింటి మొగోళ్ళు పసుపు కల్లాల కాడ ఉంటే ఈయన గుట్టెక్కుతాడు.

"ఇమానాల ఎంట పడి ఏం బావుకున్యావయ్యా నువ్వు? ఆ కెమెరాతో నీ మొగమన్నా ఒకటి తీసుకో. రేపు నువ్వు సచ్చినాక గోడకి ఇమానం తగిలియ్యాల్నా నేను?"

"నా నీడనే పడనీను, మొగం యాడ పెడతా మే?" అని నవ్వినాడు. "ఇమానమే తగిలియ్యి పో. బాగుంటాది."

మఫ్లరు తలకి చుట్టుకున్యాడు. దాని కొస కుడి చెవి పక్కన ఎప్పుడూ ఏలాడతాంటాది. సంచి ఎడం భుజానికి ఏసుకొని పోయినాడు. ఆయప్ప నాతో మాట్లాడిన కడా మాట అదే. నేను ఆయప్పతో అన్న కడా మాట, సచ్చినాక అన్న ఆ మాట.

గుట్ట మీంద జరిగింది మేకల ఓబులేసు చెప్పినాడు. నాకంటే పెద్దోడు, అబద్ధం ఆడే మనిషి కాదు. అప్పుడే పొద్దు పొడిచిందంట. ఆయప్ప స్టాండు నిలబెట్టి, కెమెరాని కర్నూలు దిక్కు తిప్పి, స్క్రూ బిగించి, బండ మీంద కూచున్యాడంట. "ఓబులేసూ, ఈ పొద్దు తప్పకుండా వస్తాదప్పా" అన్యాడంట. అన్న రొంత సేపటికే ఎద పట్టుకొని పక్కకి ఒరిగినాడంట. ఓబులేసు కింద చేన్లో ఉండే ఇంకో మనిషిని కేకేసి పిలిచి, ఇద్దరూ కలిసి మోసుకొని దిగినారు. మేకలు కూడా ఎంబడే దిగితే, ఆ మనిషే వాటిని కాలవ కాడికి తోలుకొని పాయ. కెమెరాని ఎవరూ పట్టించుకోలేదు. అది ఆడనే, స్టాండు మీందనే నిలబడిపోయింది.

నేను కల్లం కాడి నుంచి పసుపు చేతులతోనే ఆటో ఎక్కినా. ఓబులేసు కూడా మాతో వచ్చినాడు. మైదుకూరు ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూసినాడు, ఎద మీంద గొట్టం పెట్టి చూసినాడు. "దారిలోనే ప్రాణం పోయిందమ్మా" అన్యాడు. ఎదురుగా గోడ గడియారం. ఏడు ఇరవై. వాళ్ళు రాసిచ్చిన చీటీలో కూడా అదే ఉండాదని సునీత చెప్తాది. ఆ చీటీ మా ట్రంకుపెట్టెలో ఉండాది.

ఆయప్పని తోపుడు మంచం మీంద పెట్టి వసారాలో ఒక పక్కకి తోసినారు. నర్సమ్మ మఫ్లరు ఇప్పి నా ఒళ్ళో పెట్టింది. నేను దాన్ని పిసుక్కుంటా కూచున్యా. నా చేతుల పసుపు దానికి అంటింది. ఏడుపు రాలేదు. నేనన్న మాటే చెవుల్లో తిరుగుతాంది.

అట్ల ఎంతసేపో కూచున్యాక సప్పుడు వచ్చింది. కిటికీ అద్దాలు గలగలమన్యాయి. వసారాలో ఉండే రోగులంతా తలలు పైకెత్తినారు. నా కండ్లు వాటంతట అవే గడియారం దిక్కు పోయినాయి. ఏడు యాభై.

నేను లేచి ఆయప్ప చెవి కాడికి వంగి చెప్పినా. "ఇదో, నీ ఇమానం వచ్చింది. ఏడు యాభైకి." నా పక్కన నిలబడిన ఓబులేసు మొగం అటు తిప్పుకొని ఏడ్చినాడు. అందుకే ఆ టైం నాకొక్కదానికే కాదు, ఓబులేసుకి కూడా గుర్తుండాది.

ఆ పొద్దు మాపటేల మస్తాన్ గుట్టెక్కి కెమెరా తెచ్చినాడు. తెచ్చి పెడతా ఒక మాట అన్యాడు. "కెమెరా కడప దిక్కు చూస్తాండె వదినా. స్క్రూ అయితే ఎంత గట్టిగా ఉండాదో, రెండు చేతులతో తిప్పితే గానీ రాలేదు." ఇంట్లో శవం ఉన్నేటప్పుడు ఎవరికి పట్టింది ఆ మాట? ఇని ఇడిసిపెట్టినా.

మట్టి చేసినాము. మా వాళ్ళల్లో నలభై దినాలకి కూటం పెడతారు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తాడు, పోయినోళ్ళ ఫోటో పెట్టి పూలు పెడతారు. ఫోటో కావాల కదా. మస్తాన్ ఆధార్ కార్డు తీసుకొని పోయి, వారానికి పెద్ద ఫోటో తెచ్చినాడు. నల్లకోటు, ఎర్ర టై, ఎనక జలపాతం.

"ఎవరప్పా ఈయన?" అన్యా.

"అన్నే వదినా."

"మీ అన్న యానాడు కోటేసినాడు? ఈ మెడ ఎవరిది?"

మస్తాన్ తల దించుకున్యాడు. "మెడ ఇంకొకాయనది."

ఆ మనిషిని తప్పు పట్టలేదు. అందరికీ అట్లనే చేస్తారు, ఊర్లో సగం గోడల మీంద ఉండే పెద్దోళ్ళు ఆ కోటులోనే ఉండారు. కానీ నా బాధ వేరే. రాత్రి పగలు కండ్లు మూసుకొని చూసినా ఆయప్ప మొగం నాకు సరిగ్గా రావడం లేదు. కండ్లు తలుచుకుంటే నోరు పోతాది, నోరు తలుచుకుంటే ముక్కు పోతాది. ముప్పై ఏండ్లు కలిసి బతికిన మనిషి నెలకే నా చేతుల్లోనుంచి జారిపోతాండె. ఇంగ ఆ కోటు మనిషిని గోడకి పెట్టుకుంటే, ఉన్న రవ్వంత కూడా పోయి ఆయనే మిగులుతాడని భయం పట్టుకుంది. వద్దని ఎనక్కి పంపినా.

కూటానికి నాలుగు దినాలు ఉందనంగా మస్తాన్ నన్ను, సునీతని స్టూడియోకి పిలిచినాడు. "అన్న కెమెరా ఇప్పుడు తెరిచినా. ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు. కడాకు తీసిన ఇమానం ఉండాది దాంట్లో, తొమ్మిది ఫోటోలు. కలిపి పెట్టినా చూడు" అని పెద్ద ప్రింటు పరిచినాడు.

మా గుట్ట. పొద్దన్నే పడే ఎర్ర ఎండ. కుడి పక్క కర్నూలు దిక్కు నుంచి ఎడం పక్క కడప దిక్కుకు, వంపు తిరుగుతా తొమ్మిది ఇమానాలు. నడిమి ఇమానంలో ఇద్దరు మనుషుల తలలు సన్నగా కనపడతాండాయి, ముందొకటి ఎనకొకటి. ఎంత బాగుండెనో చెప్పలేను. కానీ చూసే కొద్దీ కింద బండ మీంద ఏదో ఎలితి అనిపించింది.

"ముక్కలు చూపియ్యప్పా" అన్యా. బొంత కుట్టేదాన్ని కదా, కలిపినదాని కంటే ముక్కలే నాకు బాగా అర్థమైతాయి.

మస్తాన్ కంప్యూటర్లో ఒకటొకటే చూపించినాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాంట్లో కింద బండ మీంద నల్లగా ఏదో పొడుగ్గా పడి ఉండె. ఐదో దాంట్లో ఇంకా బాగా కనపడింది.

"ఆగు. అదేంది కింద?"

"నీడలే వదినా. నాలుగు, ఐదు, ఆరు, మూడిట్లో పడింది. పొద్దు సరిగ్గా ఎనక ఉంది కదా ఆ మూడిటికి. కలిపేటప్పుడు తుడిచేసినా. అన్న చూస్తే తిడతాడు కదా, నీడ ఉంచి..."

మస్తాన్ నా దిక్కు చూసినాడు.

మేము ముగ్గురమూ ఆ నీడనే చూసినాము. రెండు నీడలు ఉండాయి. ఒకటి మూడుకాళ్ళ స్టాండుది. దాని పక్కనే ఒక మనిషిది. ఆ మనిషి చెయ్యి స్టాండు తల మీంద ఉండాది. ముప్పై ఏండ్లు కెమెరా సంచి మోసి ఆయప్ప ఎడం భుజం కిందికి జారి ఉండె. నీడకి కూడా ఎడం భుజం కిందికే ఉండాది. కుడి చెవి పక్కన మఫ్లరు కొస ఏలాడతాంది.

"నాయనే" అన్యాది సునీత.

"నాయన కాకుండా ఇంకెవరు తీస్తారు? పడిపోకముందు తీసినాడేమో" అన్యా నేను. అప్పటికి నాకు ఇంకే ఆలోచనా రాలేదు. "ఎన్ని గంటలకు తీసినాడో దాంట్లో ఉంటాది కదప్పా, చూడు."

మస్తాన్ నొక్కి చూసినాడు. మూసి మళ్ళీ తెరిచి చూసినాడు.

"ఏడు యాభై" అన్యాడు.

ఏడు యాభైకి ఆయప్ప నా ముందర తోపుడు మంచం మీంద ఉండాడు. ప్రాణం పోయి అరగంట దాటింది. ఆ మఫ్లరు నా ఒళ్ళో ఉండాది.

సునీత సదువుకున్న పిల్ల, ఊరికే ఒప్పుకోదు. కెమెరాలో గడియారం తప్పు ఉంటాదన్యాది. మస్తాన్ దాన్ని ఫోన్లో టైం పక్కన పెట్టి చూపించినాడు. నిమిషం కూడా తేడా లేదు. ఆ పొద్దు మొదటి ఫోటో, ఉత్త ఆకాశం, ఆరు యాభైకి తీసింది ఉండె. పొద్దు పొడిచిన టైముకి అది సరిపోయింది. దాని తర్వాత ఏడు యాభై దాకా ఏమీ లేవు.

దానంతట అదే తీసుకునేటట్ల పెట్టి ఉంటాడన్యాది సునీత. "బటన్ అయితే దానంతట అదే నొక్కుకుంటాది పాపా" అన్యాడు మస్తాన్. "కెమెరాని ఎవరు తిప్పినారు? తొమ్మిదిట్లోనూ ఇమానం సరిగ్గా నడిమికే ఉండాది. ఎంబడే తిప్పితే గానీ అట్ల రాదు. ఇన్నేండ్లు చేసినా నాకే రాదు." అంటానే కెమెరా కడప దిక్కు చూస్తాండిందని, స్క్రూ బిగించి ఉందని తానే చెప్పిన సంగతి గుర్తొచ్చి, కెమెరాని బల్ల మీంద పెట్టి చెయ్యి ఎనక్కి తీసుకున్యాడు.

ఇంకెవరన్నా గుట్టెక్కి తీసినారేమో అని ఓబులేసుని, మేకలు తోలుకుపోయిన మనిషిని ఇద్దరినీ అడిగినాము. ఆ పొద్దు ఎవరూ ఎక్కలేదు అన్యారు. ఎక్కినా, ఆ భుజం యాడ నుంచి తెస్తారు? ఆ నాడు ఇమానం వచ్చింది కూడా ఒక్కసారే. ముందొకటి వచ్చి ఉంటే నాకు కల్లం కాడ ఇనపడేది, ఓబులేసుకి గుట్ట మీంద కనపడేది.

ఇవన్నీ ఒక పక్క. నాకు నిద్ర పట్టనియ్యంది వేరే ఉండాది. ఆ నీడ దాక్కోలేదు. ముప్పై ఏండ్లు గొంతుకు కూచున్న మనిషి, బండల పక్కకి ఒదిగిన మనిషి, పొద్దుకి ఈపు చూపించి నిటారుగా నిలబడినాడు. ఎప్పుడూ పడనియ్యని నీడ మూడు సార్లు పడనిచ్చినాడు. నేను ఆ పొద్దన అడిగింది ఆయప్ప మొగం.

"తుడిచింది మళ్ళీ పెట్టప్పా" అని మస్తానుకి చెప్పినా. ఐదో దాంట్లో ఉండే నీడని తెచ్చి, కలిపిన ఫోటోలో నడిమికి పెట్టినాడు.

కూటం నాడు గోడకి అదే తగిలిచ్చినా. ఆడోళ్ళు గుసగుసలు పోయినారు. ఒకామె నవ్వింది కూడా. అయ్యగారు కండ్లద్దాలు సర్దుకొని చూసి, "ఏం రాహేలమ్మా, ఏసోబు ఫోటో పెట్టమంటే ఇమానాలు పెట్టినావే?" అన్యాడు.

"ఆయనే పెట్టమన్యాడు అయ్యగారూ."

అయ్యగారు ఇంకా దగ్గరికి పోయినాడు. "ఈ కింద నీడ ఎవరిది?"

"ఆయనదే."

ఎప్పుడు తీసిందని అయ్యగారు అడగలేదు. నేనూ చెప్పలేదు. ప్రార్థన అయిపోయింది, అందరూ తిని పోయినారు. అప్పుడు ఆ గోడ ముందర కూచోని చూస్తే, ఆయప్ప మొగం నాకు వచ్చింది. కండ్లు, ముక్కు, నోరు, అన్నీ ఒకేసారి. అప్పటి నుంచి మళ్ళీ పోలేదు.

మస్తాన్ ఇప్పుడు ఎవరి ఫోటోలోనన్నా నీడ పడితే తుడవడు. చెయ్యి రాదంటాడు. ఇమానాల ఫోటోలు కలపడం మానుకున్యాడు. సునీత ఇప్పటికీ ఏదో కారణం ఉంటాది, మనకి తెలీదు అంతే అంటాది. ఉంటే ఉండొచ్చు. తెలిసినోళ్ళు ఎవరన్నా చెప్తే ఇంటా. నేనైతే దీనికి పేరు పెట్టలేను. దయ్యం అని మాత్రం నా నోటితో అనను. ఆయన నా మొగుడు.

చలికాలంలో ఇమానాలు ఇప్పుడూ పోతాంటాయి. సప్పుడు ఇనపడితే గడియారం చూసి, వాకిట్లోకి వచ్చి పడమటి దిక్కు తిరిగి నిలబడతా. ఎండ ఈపు మీంద పడతాది. ఎన్ని గంటలకు వచ్చిందో పైకే చెప్తా, ఇనేటోళ్ళు ఉన్నట్ల. అప్పుడు నా ఎనక ఎవరో నిలబడినట్ల ఉంటాది. నేను ఎనక్కి తిరగను. నా ముందర నేల మీందికి కూడా చూడను, ఎన్ని నీడలు పడినాయో అని. ఒకటే ఉంటాదని భయమో, రెండు ఉంటాయని భయమో, అది కూడా నాకు తెలీదు.